ఓర్లియాన్స్ రాకుమారి మేరీ

ఓర్లియాన్స్ రాకుమారి మేరీ (1813 ఏప్రిల్ 12 - 1839 జనవరి) ఫ్రాన్సు దేశపు రాకుమార్తె, శిల్పి. ఈమె 1830 నుండి 1848 వరకు ఫ్రాన్సును పాలించిన రాజు లూయీ ఫిలిప్‌కు రెండవ కుమార్తె. వెర్సాయి రాజప్రాసాదంలోని ప్రదర్శనశాల కొరకు 1837లో ఈమె రూపొందించిన జోన్ ఆఫ్ ఆర్క్ విగ్రహం 19వ శతాబ్దపు ఫ్రెంచి శిల్పాలలో మిక్కిలి ప్రజాదరణ పొందినవాటిలో ఒకటి. ఆ విగ్రహాన్ని చిన్న పరిమాణంలో కంచుతోను, ప్లాస్టరుతోను, పింగాణీతోను అనేక పర్యాయాలు పునర్నిర్మించారు. వెర్సాయిని ఎన్నడూ చూడని కుటుంబాలు కూడా ఆ పింగాణీ ప్రతిమల ద్వారా ఈ శిల్పాన్ని ఎరుగుదురు. మేరీ శిల్పకళకు కేటాయించగలిగిన కాలం నాలుగైదు సంవత్సరాలు మాత్రమే. క్షయవ్యాధితో 25 సంవత్సరాల వయసులో ఇటలీలోని పీసా నగరంలో మరణించింది.

కుటుంబ నేపథ్యం, బాల్యం

మేరీ సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో జన్మించింది. ఆ సమయానికి ఆమె తండ్రి లూయీ ఫిలిప్ దేశాంతరవాసి. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1793లో, ఆయన ఫ్రాన్సు విడిచి వెళ్ళవలసివచ్చింది. అదే సంవత్సరం నవంబరులో ఆయన తండ్రిని గిలొటిన్ యంత్రంతో శిరచ్ఛేదం చేశారు. అనేక దేశాలు తిరిగిన తరువాత లూయీ ఫిలిప్ 1809లో నేపుల్స్, సిసిలీ రాజు కుమార్తె అయిన మరియా అమేలియాను పలెర్మోలో వివాహమాడాడు. ఈ దంపతులకు పదిమంది సంతానం కలుగగా వారిలో ఎనిమిదిమంది పెరిగి పెద్దవారయ్యారు. మేరీకి అన్న ఫెర్డినాండ్ ఫిలిప్, అక్క లూయిజ్ కాగా, మిగిలినవారు ఆమెకన్న చిన్నవారు.

1814లో నెపోలియన్ పతనమైన పిమ్మట ఈ కుటుంబం ఫ్రాన్సుకు తిరిగివచ్చింది. మరుసటి సంవత్సరం నెపోలియన్ మరల అధికారం చేపట్టడంతో వీరు ఇంగ్లండుకు తరలి, 1817 వరకు అక్కడే ఉన్నారు. ఆ తరువాత పారిస్‌లోని పాలే రాయల్ భవనంలోను, నగరానికి సమీపంలోని నెయ్యీ భవనంలోను పిల్లల బాల్యం గడిచింది. రాజకుటుంబాలలో పిల్లలకు ఇంటిలోనే చదువు చెప్పించడం ఆనాటి ఆచారం. లూయీ ఫిలిప్ మాత్రం తన కుమారులను సాధారణ విద్యార్థులతోపాటు పాఠశాలకు పంపాడు. కుమార్తెలు ఇంటివద్దనే చరిత్ర, భాషలు, సంగీతం, చిత్రలేఖనం అభ్యసించారు.

1830 జూలైలో పారిస్‌లో జరిగిన తిరుగుబాటులో రాజు పదవ ఛార్లెస్ సింహాసనాన్ని కోల్పోయాడు. ఆగస్టు 9న లూయీ ఫిలిప్ ఫ్రెంచి ప్రజల రాజుగా ప్రమాణం చేశాడు. దానితో 17 ఏళ్ళ మేరీ రాజు కుమార్తె అయింది. 1832లో అక్క లూయిజ్ బెల్జియం రాజు మొదటి లియోపోల్డ్‌ను వివాహమాడి పుట్టింటిని విడిచి వెళ్ళింది. బాల్యం నుండి అక్కను విడిచి ఉండని మేరీకి ఈ ఎడబాటు చాలా బాధ కలిగించింది. ఆమె కళాసాధన గాఢమైనది దీని తరువాతి సంవత్సరాలలోనే.

చిత్రలేఖనం నుండి శిల్పకళకు

మేరీకి కళాగురువు ఆరీ షెఫర్ (1795 - 1858). హాలెండు దేశంలోని డోర్‌డ్రెక్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన షెఫర్ ఆనాటి ప్రసిద్ధ చిత్రకారులలో ఒకడు. 1820 దశకం ప్రారంభం నుండి ఓర్లియాన్స్ కుటుంబంలోని పిల్లలకు ఆయన చిత్రలేఖనం నేర్పాడు. ఉదారవాద రాజకీయాలలోను ఆయనకు ప్రమేయముంది. 1830 తిరుగుబాటు రోజులలో లూయీ ఫిలిప్‌ను అధికారం స్వీకరించవలసినదిగా కోరడానికి నెయ్యీకి వెళ్ళినవారిలో షెఫర్ కూడా ఉన్నాడు.

మొదట మేరీ పెన్సిలుతోను, నీటిరంగులతోను బొమ్మలు వేసేది. 1830 దశకం మధ్యలో ఆమె దృష్టి మట్టితోను, మైనంతోను బొమ్మలు మలచడంవైపు మళ్ళింది. గురువు చిత్రకారుడే గాని శిల్పి కాడు. కనుక ఈ మార్గంలో ఆమె చాలావరకు స్వయంకృషితోనే ముందుకు సాగింది. ట్యూలరీ రాజభవనంలో తనకై ఒక పనిగదిని ఏర్పరచుకొని, దానిని మధ్యయుగాల గోథిక్ శైలిలో అలంకరింపజేసింది. మధ్యయుగపు వీరగాథలు, సాధువుల కథలు, దేవదూతలు, సమకాలీన కాల్పనిక సాహిత్యం ఆమెకు ఇష్టమైన ఇతివృత్తాలు.

ఆ కాలంలో స్త్రీ శిల్పి కావడం సులభం కాదు. ఫ్రాన్సులోని ప్రధాన కళాశాల అయిన ఎకోల్ దె బోజార్‌లో స్త్రీలకు ప్రవేశం 1897 వరకు లభించలేదు. నగ్న మానవ దేహాన్ని ఎదుట ఉంచుకొని అభ్యసించడం శిల్పవిద్యకు పునాది కాగా, అది మర్యాదస్త్రీలకు తగదని ఆనాటి సమాజం భావించింది. రాకుమార్తె విషయంలో ఈ అడ్డంకులు మరింత కఠినమైనవి. అందువలన మేరీ శిల్పాలలో నిండుగా వస్త్రధారణ చేసిన రూపాలు, కవచం తొడిగిన రూపాలు, రెక్కల దేవదూతలు కనిపిస్తాయి. ఆమెకు సమకాలికురాలైన ఫెలిసీ ద ఫోవో (1801 - 1886) కూడా మధ్యయుగ శైలిలో పనిచేసిన శిల్పియే. కానీ ఆమె పాత రాజవంశ పక్షపాతి. లూయీ ఫిలిప్ ప్రభుత్వాన్ని వ్యతిరేకించి ఫ్లారెన్స్ నగరానికి వలస వెళ్ళింది. ఆ విధంగా ఫ్రాన్సులో ఒకే కాలంలో వెలసిన ఇద్దరు ప్రముఖ స్త్రీ శిల్పులు రాజకీయంగా ఎదురెదురు పక్షాలలో నిలిచారు.

జోన్ ఆఫ్ ఆర్క్ ఇతివృత్తం

జోన్ ఆఫ్ ఆర్క్ దోమ్రెమీ అనే పల్లెకు చెందిన రైతుబిడ్డ. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య నూరేళ్ళ యుద్ధం సాగుతున్న కాలంలో, 1429 మే నెలలో, ఆమె ఫ్రెంచి సేనకు ధైర్యాన్నిచ్చి ఓర్లియాన్స్ నగరాన్ని ముట్టడినుండి విడిపించింది. తరువాత శత్రువులకు చిక్కి, మతద్రోహం నేరం మోపబడి 1431 మే 30న రూఆన్ నగరంలో సజీవదహనానికి గురైంది. మేరీ కుటుంబానికి బిరుదునామం ఇచ్చిన నగరం ఈ ఓర్లియాన్సే. ముట్టడి కాలంలో ఆ నగరానికి ప్రభువైన డ్యూక్ ఛార్లెస్ ఇంగ్లండులో బందీగా ఉన్నాడు. మేరీ కుటుంబం ఆయన వంశం కాదు, అదే బిరుదును తరువాతి కాలంలో పొందిన మరొక శాఖ.

ఈనాడు జోన్‌కు ఉన్న స్థానం 1830 దశకంలో లేదు. 18వ శతాబ్దంలో వోల్టేర్ ఆమెను పరిహసిస్తూ కావ్యం వ్రాశాడు. చరిత్రకారుడు మిషలే ఆమె కథను వ్రాసినది 1841లో. ఆమె విచారణ పత్రాలను కిషెరా సంపుటాలుగా ప్రచురించడం ప్రారంభించినదీ 1841లోనే. కాథలిక్ చర్చి ఆమెను పునీతగా ప్రకటించినది 1920లో. మేరీ తన విగ్రహాన్ని వీటన్నింటికన్న ముందే రూపొందించింది. ఆ తరువాతి శతాబ్దంలో ఫ్రెంచి ప్రజల మనసులో నిలిచిన భక్తురాలైన జోన్ రూపానికి ఈ విగ్రహం ఒక తొలి ఆధారం.

మేరీ ఈ ఇతివృత్తంపై మొదట రూపొందించినది గుర్రంపై ఉన్న జోన్ ప్రతిమ. గాయపడి నేలకొరిగిన ఆంగ్ల సైనికుని చూచి జోన్ జాలితో కన్నీరు పెట్టుకొనే సందర్భం అందులో కనిపిస్తుంది. యుద్ధవీరుని విజయగర్వంతో చూపడం అశ్వారూఢ విగ్రహాల సంప్రదాయం. మేరీ మాత్రం విజయం నడుమ కలిగిన దుఃఖాన్ని ఎన్నుకొన్నది.

వెర్సాయి విగ్రహం

లూయీ ఫిలిప్ వెర్సాయి రాజప్రాసాదాన్ని ఫ్రాన్సు చరిత్రను చూపే ప్రదర్శనశాలగా మార్పించి 1837 జూన్ 10న ప్రారంభించాడు. రాచరికవాదులు, విప్లవవాదులు, నెపోలియన్ అభిమానులు అనే తేడా లేకుండా దేశ ప్రజలందరినీ ఉమ్మడి చరిత్రతో కలుపడం ఆయన ఉద్దేశం. పల్లెటూరి పిల్ల అయిన జోన్‌కు ఆ ప్రదర్శనశాలలో చోటు కల్పించడం ఆ ఉద్దేశానికి అనుగుణమైనది. ఆ విగ్రహాన్ని మేరీ రూపొందించింది.

ఈ విగ్రహంలో జోన్ నిలుచుని ప్రార్థిస్తూ ఉంటుంది. ఒంటిపై కవచం, దాని క్రింద మడతలు పడిన పావడా ఉన్నాయి. జుట్టు మెడవరకు కత్తిరించి ఉంది. శిరస్త్రాణాన్ని తీసి ప్రక్కన ఉంచింది. తల ముందుకు వంచి, రెండు చేతులతో ఖడ్గాన్ని గుండెలకు హత్తుకొని ఉంది. ఖడ్గపు పిడి, అడ్డుపట్టీ కలిసి శిలువ ఆకారంలో కనిపిస్తాయి. ఆయుధమే శిలువగా మారడం ఈ శిల్పంలోని ముఖ్యభావం. ఇందులో ఆవేశం, హావభావాల ఆర్భాటం లేవు. చూపరులు ఆమె ముఖాన్ని సరిగా చూడాలంటే దగ్గరకు వెళ్ళి కొంచెం క్రిందినుండి చూడవలసి ఉంటుంది.

ఆనాటి పద్ధతి ప్రకారం శిల్పి మట్టితో లేక మైనంతో మూలరూపాన్ని మలిచేవాడు. దానినుండి ప్లాస్టరు అచ్చు తీసి, దాని కొలతల ప్రకారం చలువరాతిని చెక్కే పనిని వృత్తి శిల్పకారులు చేసేవారు. వెర్సాయి విగ్రహం కూడా ఈ విధంగానే చలువరాతి రూపం పొందింది. పేరుమోసిన పురుష శిల్పులందరూ ఇదే పద్ధతి అనుసరించేవారు. కనుక రాతిని ఇతరులు చెక్కినంతమాత్రాన ఈ శిల్పం మేరీది కాదనడం సరికాదు.

రాజు ఈ విగ్రహపు కంచు ప్రతిని ఓర్లియాన్స్ నగరానికి బహూకరించాడు. అది ఆ నగరపు పాత పురపాలక భవనమైన గ్రోలో భవనం ముందు ప్రతిష్ఠించబడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తగిలిన తూటాల గుర్తులు దానిపై ఉన్నాయి. జోన్ జన్మస్థలమైన దోమ్రెమీకి కూడా ఒక ప్రతి చేరింది.

పింగాణీ ప్రతిమలు

వెర్సాయి విగ్రహం వెలసిన కాలంలోనే శిల్పాలను చిన్న పరిమాణంలో పునర్నిర్మించే పద్ధతులు బాగా అభివృద్ధి చెందాయి. 1830 దశకం చివరలో అషీల్ కొలాస్, ఫ్రెడెరిక్ సోవాజ్ అనేవారు వేర్వేరుగా ఇందుకు యంత్రాలు రూపొందించారు. యంత్రపు ఒక కొసన ఉన్న మొద్దు సూది మూల శిల్పపు ఉపరితలాన్ని తాకుతూ సాగుతుంటే, రెండవ కొసన ఉన్న కోత పరికరం అదే కదలికను తక్కువ కొలతలో ప్లాస్టరు దిమ్మపై చెక్కుతుంది. పెద్ద విగ్రహం ఈ విధంగా జానెడు, మూరెడు ప్రతిమగా మారుతుంది. పారిస్‌లోని కంచు పోత సంస్థలు ఈ యంత్రాలతో గొప్ప వ్యాపారం సాగించాయి. సూస్ సోదరుల సంస్థ మేరీ జోన్ విగ్రహాన్ని కంచు ప్రతిమలుగా విక్రయించింది.

కంచు ఖరీదైనది. తెల్లని పింగాణీ అంతకన్న తక్కువ ధరకు లభించడమేగాక, చూడడానికి చలువరాతిని పోలి ఉంటుంది. ఇందుకు వాడినది ప్రధానంగా బిస్కట్ పింగాణీ. మెరుగుపూత పూయకుండా కాల్చి వదిలిన పింగాణీకి ఈ పేరు. మామూలు పింగాణీ పాత్రలపై గాజులాంటి పూత ఉంటుంది. ఆ పూత శిల్పంలోని సన్నని గీతలలో నిండి వివరాలను కప్పివేస్తుంది. పూత లేని పింగాణీలో కనురెప్పలు, వ్రేళ్ళు, కవచపు అతుకులు స్పష్టంగా నిలుస్తాయి. ఈ పద్ధతిని 18వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి రాజుల పింగాణీ కర్మాగారం ప్రచారంలోకి తెచ్చింది. 1740లో వెన్సెన్‌లో ప్రారంభమైన ఆ కర్మాగారం 1756లో సెవ్ర్‌కు తరలింది.

పింగాణీ ప్రతిమ తయారీలో దశలు ఈ విధంగా ఉంటాయి:

• తగ్గించిన నమూనాను భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి ప్లాస్టరు అచ్చు తీస్తారు. తల, చేతులు, మొండెం, ఖడ్గం, పీఠం వేర్వేరు అచ్చులలో తయారవుతాయి.
• తెల్లని కెయొలిన్ మట్టితో చేసిన ముద్దను అచ్చులో అదుముతారు, లేక మట్టిని నీటితో పలుచగా కలిపి అచ్చులో పోస్తారు. ప్లాస్టరు నీటిని పీల్చుకొనగా మట్టి గోడవలె గట్టిపడుతుంది.
• భాగాలను పలుచని మట్టితోనే అతికించి, అతుకులను చేతితో సరిచేస్తారు. ముఖకవళికలు నిలవడం, చెడడం ఈ పనివాని నేర్పుపై ఆధారపడి ఉంటుంది.
• ఆరిన ప్రతిమను బట్టీలో సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ వేడివద్ద కాలుస్తారు. ఈ వేడికి మట్టి మెత్తబడి, పరిమాణం పదవ వంతుకు మించి తగ్గుతుంది. ప్రతిమ ఒరిగిపోకుండా అదే మట్టితో చేసిన ఊతలు అమరుస్తారు.

మేరీ రూపకల్పన ఈ విధానానికి బాగా అనుకూలించింది. చేతులు చాచిన విగ్రహాలు, ఖడ్గం పైకెత్తిన విగ్రహాలు బట్టీలో వంగిపోవడం, విరిగిపోవడం సాధారణం. ఈ జోన్ చేతులు, ఖడ్గం దేహానికి ఆనుకొని ఉన్నాయి. పావడా మడతలు క్రింది భాగానికి బలాన్నిస్తాయి. ప్రార్థనాభావం కొరకు ఎన్నుకొన్న భంగిమయే ఆ విగ్రహం వేలాది ఇళ్ళకు చేరడానికి కూడా తోడ్పడింది.

ఈ ప్రతిమలు తయారైన కాలం చాలా దీర్ఘమైనది. తెల్లనివి మాత్రమేగాక రంగులు, బంగారు పూత వేసినవి కూడా ఉన్నాయి. వివిధ తయారీదారుల పనితనంలో తేడాలు ఎక్కువ. అచ్చు అరిగినకొద్దీ ముఖంలోని వివరాలు మాసిపోతాయి. ఒక ప్రతిమనుండే తిరిగి అచ్చు తీసినపుడు ప్రతిసారీ పరిమాణం తగ్గడంతోపాటు స్పష్టత కూడా తగ్గుతుంది. పింగాణీతో చేసిన జోన్ ప్రతిమలన్నీ మేరీ విగ్రహానికి ప్రతులు కావు. వంచిన తల, హత్తుకొన్న ఖడ్గం, ప్రక్కన ఉంచిన శిరస్త్రాణం ఈ మూడూ కలిసి ఉండడం మేరీ రూపకల్పనకు గుర్తు.

సెవ్ర్ కర్మాగారంతో మేరీకి మరొక విధమైన సంబంధం కూడా ఉంది. అక్కడ 1820 దశకం చివరినుండి రంగు అద్దాల విభాగం పనిచేసేది. ఫాంటెన్‌బ్లో రాజభవనంలోని సెయింట్ సటర్నిన్ ప్రార్థనామందిరపు కిటికీలకు మేరీ గీసిన చిత్రాల ఆధారంగా సెవ్ర్‌లో రంగు అద్దాలు తయారయ్యాయి.

వివాహం, మరణం

మేరీకి కొన్ని వివాహ ప్రయత్నాలు జరిగి ఫలించలేదు. తిరుగుబాటు ద్వారా రాజైన లూయీ ఫిలిప్‌తో వియ్యమందడానికి ఐరోపాలోని పాత రాజవంశాలు వెనుకాడాయి. చివరకు 1837 అక్టోబరు 17న వెర్సాయిలోని ట్రియనాన్ భవనంలో వుర్టెంబర్గ్ డ్యూక్ అలెగ్జాండర్‌తో (1804 - 1881) ఆమె వివాహం జరిగింది. వరుడు లూథరన్ క్రైస్తవుడు, వధువు కాథలిక్కు. వరుడు బెల్జియం రాజు లియోపోల్డ్‌కు మేనల్లుడు. అనగా మేరీ తన అక్క భర్తకు మేనల్లుడైనవానినే వివాహమాడింది.

నూతన దంపతులు జర్మనీ వెళ్ళారు. 1838 జనవరిలో గోథాలో వారు నివసిస్తున్న భవనం అగ్నిప్రమాదానికి గురైంది. మేరీ ప్రాణాలతో బయటపడినా, ఆమె ఆరోగ్యం క్రమంగా క్షీణించింది. జూలై 30న నెయ్యీలో ఆమెకు ఫిలిప్ అనే కుమారుడు జన్మించాడు. అప్పటికే క్షయ లక్షణాలు బయటపడ్డాయి. ఆ కాలంలో క్షయకు మందు లేదు. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ కనుగొన్నది 1882లో. వెచ్చని గాలి మేలు చేస్తుందనే నమ్మకంతో వైద్యులు రోగులను దక్షిణ దేశాలకు పంపేవారు. ఆ విధంగా మేరీ ఇటలీలోని పీసాకు చేరి, 1839 జనవరి మొదటివారంలో అక్కడే కన్నుమూసింది. అప్పటికి కుమారునికి ఆరు నెలలైనా నిండలేదు. ఆమె దేహాన్ని ఫ్రాన్సుకు తెచ్చి, ఓర్లియాన్స్ కుటుంబపు సమాధి మందిరమున్న ద్రో పట్టణంలో ఖననం చేశారు. బాలుని అమ్మమ్మ మరియా అమేలియా పెంచింది.

మరణానంతరం

1842 జూలై 13న మేరీ అన్న ఫెర్డినాండ్ ఫిలిప్ నెయ్యీ దారిలో గుర్రపుబండి ప్రమాదంలో మరణించాడు. ప్రమాదం జరిగినచోట ఒక ప్రార్థనామందిరం నిర్మించారు. అందులోని స్మారకంపై మరణశయ్యపై ఉన్న రాకుమారుని రూపాన్ని శిల్పి ట్రికెటీ మలిచాడు. దాని తలవైపు ప్రార్థిస్తున్న దేవదూత మాత్రం అంతకు మూడేళ్ళముందే మరణించిన మేరీ మలిచిన రూపం.

1848 ఫిబ్రవరి విప్లవంలో లూయీ ఫిలిప్ పదవిని కోల్పోయి ఇంగ్లండుకు వెళ్ళి, 1850లో అక్కడే మరణించాడు. ఆ విప్లవంలో జనసమూహాలు ట్యూలరీ భవనంలో జొరబడ్డాయి. నెయ్యీ భవనం దగ్ధమైంది. మేరీ పనిగది ఉన్న ట్యూలరీ భవనం కూడా 1871లో అగ్నికి ఆహుతైంది. ఆమె పనిచేసిన చోటు మిగలలేదు గాని, ఆమె మలిచిన రూపం మాత్రం రాతిలోను, కంచులోను, పింగాణీలోను నిలిచింది.

మేరీ కుమారుడు ఫిలిప్ 1917 వరకు జీవించాడు. 1921లో చివరి వుర్టెంబర్గ్ రాజు మరణించిన తరువాత ఆ వంశపు పెద్దరికం ఫిలిప్ సంతతికి సంక్రమించింది.

అంచనా

మేరీ కళపై పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు ఉన్నాయి. జీవించిన కాలంలోను, మరణించిన వెంటనే కూడా ఆమెకు లభించిన ప్రశంసలలో రాజకుటుంబంపట్ల భక్తి ఎంత, అకాలమరణంపట్ల సానుభూతి ఎంత అని తరువాతివారు ప్రశ్నించారు. పింగాణీ ప్రతిమల ప్రాచుర్యం కూడా ఆమె పేరుకు కొంత హాని చేసింది. ఇంటింటి అల్మారాలలో కనిపించే బొమ్మను తీవ్రమైన కళగా గుర్తించడానికి విమర్శకులు వెనుకాడారు. చాలామందికి ప్రతిమ తెలిసినా దానిని రూపొందించినది ఎవరో తెలియలేదు.

20వ శతాబ్దం చివరినుండి స్త్రీ కళాకారుల చరిత్రపై ఆసక్తి పెరగడంతో ఆమె కృషి తిరిగి పరిశీలనకు వచ్చింది. 2008లో పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలోను, శాంటియీలోను ఆమె కళపై ప్రత్యేక ప్రదర్శనలు జరిగాయి. గురువు షెఫర్ స్వస్థలమైన డోర్‌డ్రెక్ట్ ప్రదర్శనశాలలో కూడా ఆమె కృతులు ఉన్నాయి. ఫ్రాన్సులో జోన్ ఆఫ్ ఆర్క్‌కు తరువాతి కాలంలో అనేక విగ్రహాలు వెలిశాయి. వాటిలో 1855 నాటి ఫొయాతియే అశ్వారూఢ విగ్రహం (ఓర్లియాన్స్), 1874 నాటి ఫ్రెమియే విగ్రహం (పారిస్) ముఖ్యమైనవి. ఆ రెండింటిలోను జోన్ గుర్రంపై ఉన్న సేనానాయిక. ఆయుధాన్ని గుండెకు హత్తుకొని తల వంచి నిలబడిన జోన్‌ను ఫ్రెంచి ప్రజల ఇళ్ళలోకి తెచ్చినది మేరీయే.